చిన్న లినక్స్ బాక్సు పడుకుని లేవకపోతే: ఎక్కడ ఆగిందో పట్టుకునే పద్ధతి

మినీ పీసీనో, అరచేతిలో పట్టే బోర్డునో సస్పెండ్ చేస్తే (అంటే పని ఆపి తక్కువ కరెంటుతో పడుకోబెడితే) మళ్ళీ లేవట్లేదని, లేదా పడుకోబెట్టిన రెండు సెకన్లకే లేచి కూర్చుంటోందని ఎవరైనా అడిగారనుకోండి, మొదట వచ్చే సలహా దాదాపు ఎప్పుడూ ఒకటే: ఫలానా కెర్నల్ పారామీటర్ (లినక్స్ గుండెకాయ లాంటి కెర్నల్‌కి బూట్ అయ్యేటప్పుడు ఇచ్చే సెట్టింగు) పెట్టి చూడండి అని. ఒక్కోసారి అది పనిచేస్తుంది కూడా. కానీ ఎందుకు పనిచేసిందో మనకి తెలియదు, కొన్నాళ్ళకి కెర్నల్ అప్‌డేట్ రాగానే కథ మళ్ళీ మొదటికొస్తుంది, అప్పటికి బూట్ లైన్లో, అంటే ఆ సెట్టింగులు రాసే వరుసలో, అరడజను పారామీటర్లు పోగుపడి ఏది దేనికోసం పెట్టామో గుర్తుండదు.

నేను చెప్పేది ఒక్కటే. నిద్ర సమస్య అని మనం అనేది నిజానికి నాలుగు వేర్వేరు సమస్యలు. పడుకోవడానికి ఒప్పుకోకపోవడం, పడుకున్నది వెంటనే లేచిపోవడం, పడుకుని ఇక లేవకపోవడం, లేచాక వైఫైయో స్క్రీనో పనిచేయకపోవడం. కారణాలు వేరు, చూడాల్సిన ఫైళ్ళు వేరు, మందులూ వేరు. మీది ఏదో తేలకముందే సెట్టింగులు మార్చకండి. తేలాక కూడా ఒకసారికి ఒకటే మార్చండి.

ఒక చిన్న సూచన: కమాండ్లు, ఫైళ్ళ పేర్లు ఇక్కడ తెలుగు అక్షరాల్లో రాశాను, టెర్మినల్లో మాత్రం ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో టైప్ చేయాలి. పెద్ద అక్షరాలు కావాల్సిన చోట విడిగా చెప్తాను.

ముందు ఈ మెషీన్‌కి నిద్రపోవడం వచ్చో రాదో చూడండి

చాలామంది దాటేసే మెట్టు ఇది. /సిస్/పవర్/స్టేట్ అనే ఫైల్ని క్యాట్ కమాండ్‌తో చదవండి. ఫ్రీజ్, మెమ్, డిస్క్ అనే మాటల్లో కొన్నో అన్నీనో కనిపిస్తాయి. ఫైలు ఖాళీగా ఉన్నా, అసలు లేకపోయినా, మీ కెర్నల్‌కి సస్పెండ్ రాదు, ఇంక దానికోసం సాయంత్రాలు పాడుచేసుకోనక్కర్లేదు. రాస్ప్‌బెర్రీ పై 4, అంతకుముందు వచ్చిన మోడళ్ళ పరిస్థితి ఇదే. వాటిలో రామ్‌ని నిలబెట్టి మిగతాదంతా ఆపేసే సస్పెండ్ లేదు. వాటికి వేరే దారి ఉంది, కింద చెప్తాను.

మెమ్ కనిపిస్తే తర్వాత /సిస్/పవర్/మెమ్_స్లీప్ చూడండి. కెర్నల్ 4.10 నుంచి ఈ ఫైలు ఉంది. ఇందులో సాధారణంగా ఎస్2ఐడిల్, డీప్ అనే రెండు మాటలుంటాయి, స్క్వేర్ బ్రాకెట్లో ఉన్నది ప్రస్తుతం వాడుతున్నది. డీప్ అంటే మినీ పీసీల్లో పాత ఎస్3: ప్రాసెసర్‌కి కరెంటు ఆగిపోతుంది, రామ్ ఒక్కటే బతికుంటుంది, లేపే పని ఫర్మ్‌వేర్ (మదర్‌బోర్డులోనే ఉండే ప్రోగ్రాము, పీసీల్లో బయోస్ అంటాం) చూసుకుంటుంది. ఎస్2ఐడిల్‌లో ఫర్మ్‌వేర్ ప్రమేయం చాలా తక్కువ, కెర్నలే ప్రోగ్రాముల్ని, డివైసుల్ని ఆపి ప్రాసెసర్‌ని ఎంత లోతైన ఐడిల్లోకి పోనిస్తే అంతలోకి పంపి ఊరుకుంటుంది. అన్నీ సరిగ్గా కుదిరితే రెండూ మంచివే. కుదరకపోతే ఎస్2ఐడిల్ కళ్ళు మూసుకుని పడుకున్నా నిద్రపట్టని మనిషి లాంటిది, స్క్రీన్ నల్లగా ఉంటుంది, బాక్సు మాత్రం వెచ్చగానే ఉంటుంది.

డీప్ ఉండి ఎస్2ఐడిల్ ఎంపికై ఉంటే, డీప్ అనే మాటని ఆ ఫైల్లోకి రాసి అప్పటికప్పుడు పరీక్షించవచ్చు. పనిచేస్తే అప్పుడు మెమ్_స్లీప్_డిఫాల్ట్=డీప్ అనే పారామీటర్ని గ్రబ్‌లో (కెర్నల్ని లోడ్ చేసే బూట్‌లోడర్లో) చేర్చండి. ఫైల్లో ఒక్క ఎస్2ఐడిల్ మాత్రమే కనిపిస్తే ఆ పారామీటర్ పెట్టినా ఒరిగేదేమీ లేదు, ఎందుకంటే బయోస్ ఎస్3 ఉందని చెప్పనే లేదు. బయోస్ మెనూలో పవర్ విభాగంలో స్లీప్ స్టేట్ లాంటి ఆప్షన్ ఉందేమో వెతకండి. లేకపోతే ఎస్2ఐడిల్‌తోనే సర్దుకోవాలి.

ఇక్కడే ఒక తప్పుడు జాడ గురించి చెప్పాలి. /సిస్ కింద ఫైల్లోకి రాసేటప్పుడు సుడో (అడ్మిన్ హక్కుతో నడిపే కమాండ్) పక్కన ఎకో (ఇచ్చిన మాటని ముద్రించే కమాండ్) అని రాసి పక్కన బాణం గుర్తు పెడితే పర్మిషన్ డినైడ్ వస్తుంది, ఎందుకంటే సుడో ఎకోకే వర్తిస్తుంది, ఫైలు తెరిచేది మాత్రం మీ మామూలు షెల్. ఎకో నుంచి పైప్ (నిలువు గీత గుర్తు) పెట్టి సుడో టీ వాడండి. ఈ ఎర్రర్ చూసి కెర్నల్ ఒప్పుకోవట్లేదనుకుని వెనక్కి తిరిగినవాళ్ళు చాలామంది ఉన్నారు.

పరీక్షకి సిద్ధం కావడం

మూడు ఏర్పాట్లు చేసుకుంటే పని సగం తగ్గుతుంది. ఒకటి, వేరే కంప్యూటర్ నుంచో ఫోన్ నుంచో ఎస్ఎస్‌హెచ్ (నెట్‌వర్క్ మీదుగా టెర్మినల్ తెరిచే పద్ధతి) కలిసేలా పెట్టుకోండి. స్క్రీన్ నల్లగా ఉన్నంత మాత్రాన మెషీన్ చచ్చిపోయినట్టు కాదు, పింగ్‌కి జవాబొస్తే అది లేచే ఉంది, డిస్‌ప్లే మాత్రమే రాలేదు. క్యాప్స్ లాక్ నొక్కితే దీపం వెలుగుతోందా అన్నది కూడా మంచి గుర్తే.

రెండు, లాగ్ డిస్కు మీద నిలవాలి. /వార్/లాగ్/జర్నల్ ఫోల్డర్ లేకపోతే రీబూట్‌తో పాత లాగ్ పోతుంది. బోర్డుల కోసం వచ్చే ఆర్మ్‌బియన్ లాంటి లినక్స్ డిస్ట్రోలు మెమరీ కార్డు అరిగిపోకుండా లాగ్‌ని రామ్‌లో ఉంచుతాయి, పరీక్ష జరిగినన్నాళ్ళు దాన్ని ఆపేయండి.

మూడోది, నాకు అన్నిటికంటే నచ్చినది, ఆర్‌టీసీవేక్. సుడో ఆర్‌టీసీవేక్ -ఎమ్ మెమ్ -ఎస్ 60 అంటే మెషీన్ పడుకుని 60 సెకన్ల తర్వాత గడియారం అలారంతో తనే లేస్తుంది. మీరు కీబోర్డు ముట్టుకోరు, పవర్ బటన్ నొక్కరు. దీంతో లేచి, కీబోర్డుతో లేవకపోతే సమస్య కీబోర్డు దారిలో ఉంది, నిద్రలో లేదు. దీనికీ లేవకపోతే సమస్య లోతైనది. ఈ ఒక్క పరీక్షతో సగం అనుమానాలు తీరిపోతాయి. అలారం అసలు మోగకపోతే మదర్‌బోర్డు మీది చిన్న బ్యాటరీని, బయోస్‌లో ఆర్‌టీసీ వేక్ ఆప్షన్‌ని కూడా ఓసారి చూడండి.

పడుకోవడానికే ఒప్పుకోకపోతే

ఇది నాలుగింటిలో సులువైనది, మెషీన్ బతికే ఉంటుంది కాబట్టి ఏం జరిగిందో తనే చెప్తుంది. స్క్రీన్ ఒక్క క్షణం ఆరి మళ్ళీ వెలిగితే జర్నల్‌సీటీఎల్ -కె -బి కొట్టి కెర్నల్ లాగ్ చదవండి. ఫ్రీజింగ్ ఆఫ్ టాస్క్స్ ఫెయిల్డ్ ఆఫ్టర్ 20 సెకండ్స్ అన్న లైను ఉంటే ఏదో ప్రాసెస్ ఆగనంటోంది, ఆ కిందే దాని పేరుంటుంది. నెట్‌వర్క్ డ్రైవ్ మౌంట్ చేసి ఉండి అవతలి సర్వర్ ఆగిపోతే అచ్చంగా ఇదే జరుగుతుంది: ఆ డ్రైవ్‌లో ఫైల్ కోసం ఎదురుచూస్తున్న ప్రాసెస్ కదలదు. సస్పెండ్‌కి ముందు అన్‌మౌంట్ చేయడం సరైన పరిష్కారం, 20 సెకన్లని పెంచడం కాదు.

సమ్ డివైసెస్ ఫెయిల్డ్ టు సస్పెండ్ అని వస్తే ఒక డ్రైవర్ (ఒక డివైసుని నడిపే కెర్నల్ భాగం) మొరాయించింది. /సిస్/పవర్/సస్పెండ్_స్టాట్స్ ఫోల్డర్లో లాస్ట్_ఫెయిల్డ్_డెవ్ అన్న ఫైల్లో దాని పేరు, లాస్ట్_ఫెయిల్డ్_స్టెప్‌లో ఏ మెట్టు దగ్గర ఆగిందో ఉంటాయి. చాలామంది లాగ్ మొత్తం గాలిస్తారు గానీ ఈ రెండు ఫైళ్ళు చూడరు.

లాగ్‌లో ప్రయత్నం జరిగిన ఆనవాలే లేకపోతే ఎవరో అడ్డుకున్నారు. సిస్టమ్‌డీ-ఇన్‌హిబిట్ --లిస్ట్ కొట్టండి, వీడియో ప్లేయరో, ప్యాకేజీ అప్‌డేటో బ్లాక్ అని పట్టుకుని కూర్చుని ఉంటుంది.

పడుకోగానే లేచిపోతుంటే

మినీ పీసీల్లో నేను ఎక్కువగా చూసే ఫిర్యాదు ఇదే. సస్పెండ్ కొడతారు, ఫ్యాన్ ఆగుతుంది, ఊపిరి పీల్చుకునేలోపు మళ్ళీ తిరుగుతుంది. ఇక్కడ నిద్ర బాగానే ఉంది, ఎవరో తట్టి లేపుతున్నారు. ఎవరన్నదే ప్రశ్న.

/ప్రాక్/ఏసీపీఐ/వేకప్ ఫైలు తెరవండి. అందులో నాలుగు నిలువు వరుసల పట్టిక ఉంటుంది. మొదటిది పొట్టి పేరు, రెండోది ఏ నిద్ర స్థాయి దాకా లేపగలదు, మూడోది ఎనేబుల్డా డిసేబుల్డా, చివరిది పీసీఐ (కార్డుల్ని మదర్‌బోర్డుకి కలిపే దారి) అడ్రస్. ఎక్స్‌హెచ్‌సీ అని కనిపించేది యూఎస్‌బీ కంట్రోలర్, ఆర్‌పీ అని మొదలై అంకెతో ముగిసేవి పీసీఐ రూట్ పోర్టులు, నెట్‌వర్క్ కార్డూ వైఫై కార్డూ వాటి వెనకే ఉంటాయి. అడ్రస్‌ని ఎల్‌ఎస్‌పీసీఐ కమాండ్ ఇచ్చే జాబితాతో పోల్చి చూస్తే ఏ పోర్టు వెనక ఏముందో తేలుతుంది. ఎనేబుల్డ్ అని ఉన్నవాటిలో ఒక్కో పేరుని పెద్ద అక్షరాల్లో ఆ ఫైల్లోకి రాసి ఆపండి, ఒక్కోదానికీ ఒకసారి సస్పెండ్ చేసి చూడండి. దొంగ దొరుకుతుంది.

రెండు జాగ్రత్తలు. ఈ ఫైల్లోకి పేరు రాస్తే అది ఆన్‌లో ఉంటే ఆఫ్ అవుతుంది, ఆఫ్‌లో ఉంటే ఆన్ అవుతుంది. రెండుసార్లు రాస్తే మొదటికొచ్చినట్టే. కాబట్టి దీన్ని సర్వీస్‌గా పెట్టేటప్పుడు గుడ్డిగా ఎకో రాయకుండా, ముందు గ్రెప్‌తో (ఫైల్లో మాట వెతికే కమాండ్‌తో) ఎనేబుల్డ్ అని ఉందో లేదో చూసి, ఉంటేనే రాసేలా పెట్టండి. రెండోది, ఇదంతా రీబూట్‌తో పోతుంది, అందుకే సిస్టమ్‌డీ (లినక్స్‌లో సర్వీసుల్ని నడిపేది) వన్‌షాట్ సర్వీసు, అంటే బూట్‌లో ఒక్కసారి నడిచేది, కావాలి.

దొంగ యూఎస్‌బీ కంట్రోలర్ అని తేలినా దాన్ని పూర్తిగా ఆపేయడం నాకు ఇష్టం ఉండదు, ఎందుకంటే దాంతోపాటు కీబోర్డుతో లేపే అవకాశం కూడా పోతుంది. ఇంకో మెట్టు కిందికి దిగండి. /సిస్/బస్/యూఎస్‌బీ/డివైసెస్ కింద ఒక్కో డివైసుకీ ఒక ఫోల్డర్ ఉంటుంది, అందులో పవర్/వేకప్ అనే ఫైలు, ప్రోడక్ట్ అనే ఫైలు ఉంటాయి. ప్రోడక్ట్‌లో పేరు చూసి, లేపుతున్న ఆ ఒక్కదాని వేకప్‌లో డిసేబుల్డ్ అని రాయండి. వైర్‌లెస్ మౌస్ రిసీవర్ల విషయంలో ఇక్కడ ఒక తిరకాసు ఉంది. మామూలుగా లినక్స్ యూఎస్‌బీ కీబోర్డులకి లేపే హక్కు ఇస్తుంది, మౌస్‌లకి ఇవ్వదు. కానీ చాలా రిసీవర్లు మౌస్‌తోపాటు నేను కీబోర్డుని కూడా అని చెప్పుకుంటాయి, దాంతో హక్కు వచ్చేస్తుంది, టేబుల్ కాస్త కదిలినా మెషీన్ లేచిపోతుంది. దీన్ని శాశ్వతం చేయడానికి యూడెవ్ (డివైసు కనబడగానే దాని సెట్టింగులు పెట్టే సర్వీసు) రూల్ మేలు, వెండర్ ఐడీ, ప్రోడక్ట్ ఐడీ ఇచ్చి పవర్/వేకప్‌ని డిసేబుల్డ్ చేస్తే చాలు. ఇది విలువని నేరుగా పెడుతుంది, తిప్పదు, అందుకే ఎన్నిసార్లు నడిచినా ఫర్వాలేదు.

నెట్‌వర్క్ కార్డు విషయం విడిగా చెప్పాలి. సుడో ఈథ్‌టూల్ పక్కన మీ ఇంటర్‌ఫేస్ పేరు కొట్టి చివర్లో వేక్-ఆన్ లైను చూడండి. జీ అని ఒక్క అక్షరం ఉంటే మ్యాజిక్ ప్యాకెట్‌కి (లేవమని పంపే ప్రత్యేక సందేశానికి) మాత్రమే లేస్తుంది, డీ ఉంటే దేనికీ లేవదు. పీయూఎంబీజీ అని బారుగా ఉంటే మాత్రం సమస్య దొరికినట్టే: యూ అంటే తన పేరున వచ్చిన ఏ ప్యాకెట్‌కైనా, ఎం అంటే మల్టీకాస్ట్‌కి (ఒక గుంపుకి పంపినదానికి), బీ అంటే నెట్‌వర్క్‌లో ఎవరు బ్రాడ్‌కాస్ట్ చేసినా (అందరికీ పంపినా) లేవడం. ఇంట్లో రౌటరూ టీవీ ఫోన్లూ నిమిషానికి ఎన్ని బ్రాడ్‌కాస్ట్‌లు వదులుతాయో చూస్తే ఆ బాక్సు ఎందుకు పడుకోలేకపోతోందో అర్థమవుతుంది. ఈథ్‌టూల్ -ఎస్ ఇంటర్‌ఫేస్ డబ్ల్యూఓఎల్ జీ అని మారిస్తే సరి. నెట్‌వర్క్‌మేనేజర్ వాడుతుంటే ఈ సెట్టింగుని ఆ కనెక్షన్‌లోనే మ్యాజిక్ అని పెట్టండి, లేకపోతే అది మళ్ళీ తన విలువ రాసేస్తుంది.

ఇంకా దొరక్కపోతే, లేచిన వెంటనే /సిస్/పవర్/పీఎం_వేకప్_ఐఆర్‌క్యూ చదవండి. ఒక అంకె ఇస్తుంది, దాన్ని /ప్రాక్/ఇంటరప్ట్స్‌లో వెతికితే ఎవరిదో తెలుస్తుంది. 9 వస్తే సాధారణంగా అది ఏసీపీఐది (ఫర్మ్‌వేర్‌కీ కెర్నల్‌కీ మధ్య పవర్ సంకేతాల దారి), అంటే పవర్ బటన్ కావచ్చు, ఫర్మ్‌వేర్ పంపిన ఏ ఇతర సంకేతమైనా కావచ్చు, కాబట్టి ఆ అంకెతో ఆగిపోకండి.

పడుకుని లేవకపోతే

కష్టమైనది ఇది. ఇక్కడే ఎక్కువమంది లాగ్‌ని తప్పుగా చదువుతారు, అందుకే కాస్త నెమ్మదిగా చెప్తాను.

బలవంతంగా ఆఫ్ చేసి మళ్ళీ బూట్ చేసి జర్నల్‌సీటీఎల్ -బి -1 -కె చూస్తారు. చివరి లైను పీఎం: సస్పెండ్ ఎంట్రీ, పక్కన డీప్ అని ఉంటుంది, ఆ తర్వాత ఖాళీ. చూడగానే పడుకోబోతూ ఆగిపోయిందనిపిస్తుంది. అలా అనుకోడానికి వీల్లేదు. ఆ లైను తర్వాత కెర్నల్ మామూలు ప్రోగ్రాములన్నిటినీ ఆపేస్తుంది, లాగ్ రాసే జర్నల్‌డీ కూడా అందులో ఒకటి. పడుకునేటప్పుడు, లేచేటప్పుడు కెర్నల్ చెప్పిన మాటలన్నీ రామ్‌లోనే ఉండి, పూర్తిగా లేచాకే డిస్కుకి చేరతాయి. మెషీన్ దారిలో ఎక్కడ చచ్చినా మీకు కనిపించే చివరి లైను ఇదే. దీన్ని బట్టి తెలిసేది సస్పెండ్ మొదలైందని మాత్రమే.

కాబట్టి మెషీన్ వంక చూడండి. పవర్ దీపం మెల్లగా మిణుకుతూ, ఫ్యాన్ ఆగి ఉంటే పడుకోవడం పూర్తయింది, లేవడంలోనే సమస్య. దీపం స్థిరంగా వెలుగుతూ ఫ్యాన్ తిరుగుతూనే ఉంటే పడుకునే దారిలోనే ఆగి ఉండొచ్చు. ఈ దీపం గుర్తు డీప్‌కే నమ్మకం, ఎస్2ఐడిల్‌లో ఒక్కో బాక్సు ఒక్కోలా చేస్తుంది.

తర్వాత కెర్నల్లోనే ఉన్న మంచి పరికరం ఒకటి వాడండి, /సిస్/పవర్/పీఎం_టెస్ట్. అన్ని కెర్నళ్ళలోనూ ఉండదు, చాలా డిస్ట్రోలలో ఉంటుంది. ఇందులోకి ఫ్రీజర్ అని రాసి, రూట్‌గా మెమ్ అనే మాటని /సిస్/పవర్/స్టేట్‌లోకి రాస్తే, కెర్నల్ ప్రోగ్రాముల్ని ఆపేదాకా వెళ్ళి, 5 సెకన్లు ఆగి, నిజంగా పడుకోకుండా వెనక్కి వస్తుంది. అది బాగుంటే డివైసెస్, ఆ తర్వాత ప్లాట్‌ఫామ్, ప్రాసెసర్స్, కోర్, ఈ వరుసలో ఒక్కో మెట్టు లోతుకి వెళ్ళండి. ఏ మెట్టు దగ్గర హ్యాంగ్ అయితే సమస్య అక్కడుంది. డివైసెస్ దగ్గర ఆగితే ఏదో డ్రైవర్. లోడ్ అయిన మాడ్యూళ్ళలో (డ్రైవర్ల లాంటి విడి కెర్నల్ ముక్కల్లో) తీసేయగలిగినవాటిలో సగం తీసి చూడండి, బాగుపడితే దొంగ ఆ సగంలో ఉంది, లేకపోతే మిగతా సగంలో. ఇలా సగం సగం చేసుకుంటూ పోతే త్వరగానే దొరుకుతుంది. అన్ని మెట్లూ దాటి అసలు నిద్ర నుంచి మాత్రమే లేవకపోతే సమస్య ఫర్మ్‌వేర్ వైపు ఉంది, బయోస్ అప్‌డేట్ ఒక దారి, ఎస్2ఐడిల్‌కి మారడం ఇంకో దారి. పరీక్ష అయ్యాక పీఎం_టెస్ట్‌లో నన్ అని రాయడం మర్చిపోకండి, లేకపోతే ఆ తర్వాత సస్పెండ్ కొట్టిన ప్రతిసారీ 5 సెకన్లకి లేచిపోయి కొత్త టెన్షన్ పెడుతుంది.

అలాగే /సిస్/పవర్/పీఎం_అసింక్‌లో 0 రాసి చూడండి. మామూలుగా డివైసుల్ని ఒకేసారి చాలావాటిని ఆపుతుంది, 0 పెడితే ఒకదాని తర్వాత ఒకటి వరుసగా ఆపుతుంది. దీంతో బాగుపడితే రెండు డ్రైవర్ల మధ్య వరుస తప్పుతోందని అర్థం, బగ్ రిపోర్టులో రాయదగ్గ విషయం అది.

ఇంటెల్, ఏఎండీ బాక్సుల్లో ఆఖరి అస్త్రం పీఎం_ట్రేస్. /సిస్/పవర్/పీఎం_ట్రేస్‌లో 1 రాసి సస్పెండ్ చేస్తే, ఏ డివైసు దగ్గర ఉన్నదీ ఒక గుర్తుగా గడియారం చిప్పులో రాస్తూ పోతుంది. హ్యాంగ్ అయ్యాక పవర్ బటన్ పట్టుకుని ఆపి, ఆలస్యం చేయకుండా బూట్ చేసి డీమెసేజ్‌లో (కెర్నల్ లాగ్ చూపించే కమాండ్, టైప్ చేసేది డీ ఎం ఈ ఎస్ జీ అని) హ్యాష్ మ్యాచెస్ అన్న లైను వెతకండి, డివైసు పేరు అక్కడుంటుంది. ఆ తర్వాత గడియారం తేదీ పూర్తిగా తప్పుగా ఉంటుంది, దిద్దుకోవాలి. తేదీతో నడిచే బ్యాకప్‌లు, షెడ్యూళ్ళు ఉన్న మెషీన్‌లో వాటిని ఆపి మరీ చేయండి.

ఆర్‌టీసీవేక్‌తో లేచి, కీబోర్డుతో మాత్రం లేవకపోతే ఇవేవీ అక్కర్లేదు. కీబోర్డు వేకప్ ఫైలు, మధ్యలో హబ్ ఉంటే దాని వేకప్ ఫైలు కూడా, రెండూ ఎనేబుల్డ్ అని ఉన్నాయా చూడండి. బయోస్‌లో ఈఆర్‌పీ అనే ఆప్షన్ ఆన్‌లో ఉంటే ఆఫ్ చేసి చూడండి, అది కరెంటు ఆదా కోసం యూఎస్‌బీకి, నెట్‌వర్క్‌కి పవర్ ఆపేయగలదు, మెషీన్ ఆఫ్‌లో ఉన్నప్పుడు వేక్-ఆన్-ల్యాన్ (నెట్‌వర్క్ నుంచి లేపడం) పనిచేయకపోవడానికి కూడా తరచుగా ఇదే కారణం. బ్లూటూత్ కీబోర్డుతో డీప్ నిద్ర నుంచి లేపాలని ఆశపెట్టుకోకండి, ఒక వైరు కీబోర్డో పవర్ బటనో నమ్మకం.

పాత ఇంటెల్ బే ట్రైల్ చిప్పులు, జే1900 లాంటివి, ఉన్న బాక్సుల గురించి ఒక మాట. వాటిలో సస్పెండ్ చేయకపోయినా ఖాళీగా వదిలేస్తే పూర్తిగా బిగుసుకుపోయే జబ్బు ఉండేది, చూడ్డానికి నిద్ర నుంచి లేవనట్టే ఉంటుంది. లాగ్‌లో సస్పెండ్ ఎంట్రీ లైనే లేకపోతే అనుమానించండి. ఇంటెల్_ఐడిల్.మ్యాక్స్_సీస్టేట్=1 అనే పారామీటర్ దానికి తెలిసిన మందు, బదులుగా కరెంటు కాస్త ఎక్కువ తాగుతుంది.

లేచింది గానీ ఏదో ఒకటి పనిచేయట్లేదు

స్క్రీన్ రాకపోతే ముందు మానిటర్ని ఆఫ్ చేసి మళ్ళీ ఆన్ చేయండి, తర్వాత కంట్రోల్ ఆల్ట్ ఎఫ్3 నొక్కి టెక్స్ట్ కన్సోల్ వస్తుందేమో చూడండి. అది వచ్చి డెస్క్‌టాప్ మాత్రం గడ్డకట్టి ఉంటే, సిస్టమ్‌డీ 256 నుంచి వచ్చిన మార్పుని గుర్తుపెట్టుకోండి: సస్పెండ్ సమయంలో యూజర్ సెషన్లని అదే ముందుగా ఫ్రీజ్ చేస్తుంది, కొన్ని డ్రైవర్లతో ఆ సెషన్ సరిగ్గా తిరిగి రాదు. సిస్టమ్‌డీ-సస్పెండ్ సర్వీసుకి ఎన్విరాన్‌మెంట్‌గా సిస్టమ్‌డీ_స్లీప్_ఫ్రీజ్_యూజర్_సెషన్స్ అని మొత్తం పెద్ద అక్షరాల్లో రాసి, దాని విలువ ఫాల్స్ అని పెడితే ఆ ఫ్రీజ్ ఆగుతుంది.

వైఫై రాకపోతే లైనక్స్-ఫర్మ్‌వేర్ ప్యాకేజీ తాజాగా ఉందో చూసి, అప్పటికీ రాకపోతే మాడ్యూల్ని తీసి పెట్టడమే. ఎల్‌ఎస్‌పీసీఐ -కె లో డ్రైవర్ పేరు దొరుకుతుంది. /యూఎస్ఆర్/లిబ్/సిస్టమ్‌డీ/సిస్టమ్-స్లీప్ ఫోల్డర్లో ఒక చిన్న స్క్రిప్టు పెట్టి, మొదటి ఆర్గ్యుమెంట్ ప్రీ అయితే మోడ్‌ప్రోబ్ -ఆర్ తో తీసేయమని, పోస్ట్ అయితే మోడ్‌ప్రోబ్‌తో తిరిగి వేయమని రాయండి. దానికి ఎగ్జిక్యూట్ పర్మిషన్ ఇవ్వకపోతే ఏ ఎర్రరూ చూపించకుండా ఊరికే ఉండిపోతుంది.

యూఎస్‌బీ డిస్కు మీద రూట్ ఫైల్‌సిస్టమ్ (లినక్స్ నడిచే ఫైళ్ళన్నీ ఉండే చోటు) పెట్టుకున్నవాళ్ళు ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి. లేచాక డీమెసేజ్‌లో ఆ డిస్కు దగ్గర రీసెట్ అని ఉంటే ఫర్వాలేదు, డిస్‌కనెక్ట్ అని ఉంటే అది కొత్త డివైసుగా తిరిగొచ్చింది, కింద ఉన్న ఫైల్‌సిస్టమ్ గాల్లో వేలాడుతోంది, లాగిన్ అయినా ప్రతి కమాండ్‌కీ ఇన్‌పుట్ అవుట్‌పుట్ ఎర్రరే. డిస్కు ఎన్‌క్లోజర్ చిప్పు యూఏఎస్ మోడ్‌లో (యూఎస్‌బీ డిస్కులతో వేగంగా మాట్లాడే పద్ధతిలో) ఇలా చేస్తే, యూఎస్‌బీ-స్టోరేజ్.క్విర్క్స్ పారామీటర్‌లో దాని ఐడీలు ఇచ్చి చివర యూ అక్షరం పెడితే ఆ మోడ్ ఆగుతుంది. అప్పటికీ మారకపోతే ఆ మెషీన్‌ని సస్పెండ్ చేయకండి. డేటా కంటే నాలుగు వాట్ల ఆదా ఎక్కువ కాదు.

బోర్డులు

ఆర్మ్ ప్రాసెసర్ ఉన్న బోర్డుల్లో డీప్ నిద్ర ఉందా లేదా అన్నది చాలావరకు బూట్‌లోడర్‌తో వచ్చే ట్రస్టెడ్ ఫర్మ్‌వేర్ చేతిలో ఉంటుంది. పీఎస్‌సీఐ (ఆ ఫర్మ్‌వేర్‌ని కెర్నల్ పిలిచే పద్ధతి) ద్వారా సిస్టమ్ సస్పెండ్ అనే పనిని అది అందిస్తేనే మెమ్_స్లీప్‌లో డీప్ కనిపిస్తుంది. ఆల్‌విన్నర్ ఏ64 లాంటి చిప్పుల్లో క్రస్ట్ అనే చిన్న ఓపెన్ సోర్స్ ఫర్మ్‌వేర్ ఆ పని చూస్తుంది, మీ ఇమేజ్‌లో అది లేకపోతే డీప్ సస్పెండ్ పనిచేయదు. అందుకే ఒకే బోర్డు ఒక డిస్ట్రోలో చక్కగా పడుకుని ఇంకోదాంట్లో అసలు పడుకోకపోవచ్చు. ఏ బటన్ లేపాలన్నది డివైస్ ట్రీలో (బోర్డు మీద ఏమున్నాయో కెర్నల్‌కి చెప్పే ఫైల్లో) వేకప్-సోర్స్ అని రాసి ఉండాలి, లేకపోతే ఆ బటన్ ఎంత నొక్కినా లాభం లేదు. బోర్డు పనిలో దిగేవాళ్ళు సీరియల్ కేబుల్ కొనుక్కుని, బూట్ లైన్లో నో_కన్సోల్_సస్పెండ్ పెట్టుకోండి, లాగ్ డిస్కుకి చేరని ఆ మాటలన్నీ అప్పుడు కళ్ళముందే కనిపిస్తాయి.

రాస్ప్‌బెర్రీ పైలో సస్పెండ్ బదులు షట్‌డౌన్ చేసి లేపడమే దారి. పై 4 దాకా వచ్చిన మోడళ్ళలో, హాల్ట్ అయ్యాక జీపీఐఓ 3ని, అంటే 5వ పిన్నుని, గ్రౌండ్‌కి ఒక్క క్షణం కలిపితే బూట్ అవుతుంది, ఒక చిన్న బటన్ చాలు. పై 5లో గడియారం, పవర్ బటన్ రెండూ ఉన్నాయి. ఈప్రామ్ (బూట్ సెట్టింగులు ఉండే చిప్పు) కాన్ఫిగ్‌లో పవర్_ఆఫ్_ఆన్_హాల్ట్=1, వేక్_ఆన్_జీపీఐఓ=0 అని పెద్ద అక్షరాల్లో పెట్టి, /సిస్/క్లాస్/ఆర్‌టీసీ/ఆర్‌టీసీ0/వేక్‌అలారమ్ ఫైల్లో +600 రాసి హాల్ట్ చేస్తే పది నిమిషాలకి తనే లేస్తుంది. గంటకోసారి లేచి ఒక రీడింగ్ తీసి పడుకునే పనులకి ఇది సస్పెండ్ కంటే మేలే.

అడక్కుండానే పడుకుంటే

సర్వర్‌గా పెట్టుకున్న బాక్సు మధ్యలో మాయమైపోతుంటే జర్నల్‌సీటీఎల్ -యు సిస్టమ్‌డీ-లాగిన్‌డీ చూడండి, ద సిస్టమ్ విల్ సస్పెండ్ నౌ అన్న లైను ఉంటే ఎవరో అడిగారు. చాలాసార్లు ఆ ఎవరో గ్నోమ్ డెస్క్‌టాప్ లాగిన్ స్క్రీనే. మీరు ఎస్ఎస్‌హెచ్‌లో పనిచేస్తున్నా, కీబోర్డు ముందు ఎవరూ లేరు కాబట్టి అది ఖాళీగా ఉందనుకుంటుంది, మీ యూజర్ సెట్టింగుల్లో ఆటో సస్పెండ్ ఆపినా లాగిన్ స్క్రీన్‌కి అది వర్తించదు, దాని యూజర్ వేరు. సర్వర్‌కి నిద్రే అక్కర్లేకపోతే ఒక్క దెబ్బతో ముగించండి: సిస్టమ్‌సీటీఎల్ మాస్క్ తర్వాత స్లీప్.టార్గెట్, సస్పెండ్.టార్గెట్, హైబర్నేట్.టార్గెట్, హైబ్రిడ్-స్లీప్.టార్గెట్. చెయ్యి తగిలి పవర్ బటన్ నొక్కుకుపోతుంటే లాగిన్‌డీ.కాన్ఫ్‌లో హ్యాండిల్‌పవర్‌కీ (ఇందులోని మూడు మాటలకీ మొదటి అక్షరం పెద్దది) విలువని ఇగ్నోర్ అని పెట్టండి.

హైబర్నేట్ (రామ్‌లో ఉన్నదంతా డిస్కు మీద రాసి పూర్తిగా ఆఫ్ కావడం) గురించి తక్కువే చెప్తాను. జడ్‌రామ్ (రామ్‌లోనే కుదించి పెట్టుకునే) స్వాప్ మీద అది కుదరదు, ఎందుకంటే ఆ స్వాప్ (రామ్ చాలనప్పుడు వాడే చోటు) కూడా రామే. డిస్కు మీద తగినంత స్వాప్, బూట్ లైన్లో రెజ్యూమ్ పారామీటర్, స్వాప్ ఫైలైతే రెజ్యూమ్_ఆఫ్‌సెట్ కూడా కావాలి, సెక్యూర్ బూట్ (సంతకం ఉన్న కెర్నల్‌నే బూట్ కానిచ్చే సెట్టింగు) ఆన్‌లో ఉంటే చాలా డిస్ట్రోల్లో కెర్నల్ దాన్ని ఒప్పుకోదు. ఎస్‌డీ కార్డు మీద నడిచే బోర్డులో మాత్రం హైబర్నేట్ వద్దనే అంటాను, రామ్ మొత్తాన్ని ప్రతిసారీ కార్డు మీద రాయడం దానికి మంచిది కాదు.

ఇన్ని చేసినా కుదరక బగ్ రిపోర్ట్ పెట్టాల్సి వస్తే, నిద్ర నుంచి లేవట్లేదు అని మాత్రం రాయకండి. యూనేమ్ -ఆర్ ఇచ్చిన కెర్నల్ వెర్షను, బయోస్ వెర్షను, మెమ్_స్లీప్‌లో ఏముందో, ఆర్‌టీసీవేక్‌తో లేచిందా లేదా, పీఎం_టెస్ట్ ఏ మెట్టు దాకా బాగుందో, ఇంతకుముందు పనిచేసి ఉంటే ఏ కెర్నల్ దాకా పనిచేసిందో, ఇవి రాయండి. ఈ ఆరు విషయాలున్న రిపోర్టుని డ్రైవర్ రాసేవాళ్ళు నిజంగా చదువుతారు.